క్రెడిట్ కార్డు, నో కాస్ట్ ఈఎంఐ, లోన్ యాప్: అసలు మీరు నూటికి ఎన్ని రూపాయల వడ్డీ కడుతున్నారు?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క లెక్క నేర్చుకుందాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఓపెన్ చేసి పెట్టుకోండి, మధ్యలో రెండు మూడు చోట్ల నాతో పాటు మీరూ కొట్టి చూడాలి.

మాకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నాకు జీతం 25 వేలు. క్రెడిట్ కార్డు బిల్లు 40 వేలు ఉంది. ప్రతి నెలా మినిమమ్ డ్యూ టైమ్‌కి కట్టేస్తున్నా, ప్రాబ్లం ఏం లేదు. నెలకు 2 వేలు సిప్ కూడా స్టార్ట్ చేశా. ఏ ఫండ్ మంచిదో చెప్పు." అంకెలు అటూ ఇటూ మారతాయి గానీ అడిగేది ఇదే. ఫండ్ సంగతి తర్వాత. ఆ "ప్రాబ్లం ఏం లేదు" అన్న మాట ఉంది చూశారూ, ఈరోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, 42 పర్సెంట్ యాన్యువల్ ఇంట్రెస్ట్ అంటే ఎంతో చెప్పమని. ఏమోరా అంటారు. అదే "మూడున్నర రూపాయల వడ్డీ" అని చెప్పండి. "అమ్మో, అంత వడ్డీకి ఎవడ్రా తెచ్చింది?" అంటారు. రెండూ ఒకటే అండి. మన ఊళ్ళల్లో ప్రోనోటు రాసుకునేటప్పుడు ఎవరూ శాతం చెప్పరు. నూటికి నెలకు ఎన్ని రూపాయలు, అంతే. నూరు రూపాయలకి నెలకు ఒక రూపాయి అయితే రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం. పావలా వడ్డీ అంటే 3 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా సంఘాలకి "పావలా వడ్డీ" పథకం పెట్టినప్పుడు ఆ పేరు ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఊళ్ళో ప్రతి ఆడమనిషికీ ఆ లెక్క ముందే తెలుసు.

మన జనరేషన్‌కి వచ్చేసరికి ఈ కొలత పోయింది. ఫోన్‌లో అన్నీ శాతాల్లో వస్తాయి. ఒకడు నెలకు శాతం చెప్తాడు, ఒకడు ఏడాదికి చెప్తాడు, ఇంకొకడు శాతమే చెప్పడు, "రోజుకు 33 రూపాయలే" అంటాడు. కాబట్టి మనం చేయాల్సింది ఒక్కటే. ఎవడు ఏ రూపంలో చెప్పినా దాన్ని తాతయ్య లెక్కలోకి మార్చాలి. ఏడాది శాతాన్ని 12తో భాగించండి. 18 శాతం అంటే రూపాయిన్నర, 36 శాతం అంటే మూడు రూపాయలు. అంతే.

ఇప్పుడు మన దగ్గర ఉన్న డబ్బుకి ఎంతొస్తుందో ఇదే కొలతలో చూద్దాం. బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో చాలా చోట్ల పావలా కూడా పూర్తిగా రాదు. ఫిక్సెడ్ డిపాజిట్ అర్ధ రూపాయి, అటూ ఇటూగా. పీపీఎఫ్ 2020 ఏప్రిల్ నుంచి 7.1 శాతం, అంటే 59 పైసలు. మ్యూచువల్ ఫండ్‌లో గ్యారంటీ ఏమీ లేదు. సిప్ కాలిక్యులేటర్లలో అందరూ వేసుకునే 12 శాతం నిజంగానే వచ్చిందనుకున్నా అది రూపాయి వడ్డీ. అర్థమైంది కదా, మనం సంపాదించే వైపు గరిష్ఠంగా ఆశ పెట్టుకున్నా రూపాయి దగ్గర ఆగుతాం.

కట్టే వైపు చూడండి ఇప్పుడు.

బంగారం మీద బ్యాంకు లోన్ ముప్పావలా నుంచి రూపాయి మధ్యలో దొరుకుతుంది. బ్యాంకు పర్సనల్ లోన్, మీ జీతాన్ని బట్టి, సిబిల్ స్కోరుని బట్టి, రూపాయి నుంచి రూపాయిన్నర. క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టకపోతే చాలా కార్డుల్లో మూడున్నర రూపాయలు, కొన్నింట్లో మూడు ముప్పావలా కూడా ఉంది. పైగా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ. మూడున్నరకి జీఎస్‌టీ కలిపితే 4 రూపాయల 13 పైసలు. ఊళ్ళో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి ఇస్తున్నారంటే వాళ్ళ గురించి ఏమనుకుంటామో మీకు తెలుసు. ఏసీ ఆఫీసులో కూర్చుని, మంచి డిజైన్ ఉన్న యాప్‌లో చూపిస్తే అదే వడ్డీ మనకి మర్యాదగా కనిపిస్తుంది.

సరే, ఆ 40 వేల బిల్లు లెక్క వేద్దాం. కాలిక్యులేటర్ తీయండి.

మినిమమ్ డ్యూ చాలా కార్డుల్లో బిల్లులో సుమారు 5 శాతం ఉంటుంది. 40 వేలకి 2 వేలు. వడ్డీ నెలకు 3.5 శాతం అంటే 1,400. దాని మీద జీఎస్‌టీ 252. మొత్తం 1,652. మీరు 2 వేలు కట్టారు కదా, అందులో అసలుకి వెళ్ళింది ఎంత? 348 రూపాయలు. మిగతాదంతా వడ్డీకీ పన్నుకీ పోయింది. వచ్చే నెల బిల్లు 39,652. ఇది మీరు ఆ నెలలో కార్డుతో ఒక్క టీ కూడా కొనలేదు అనుకుంటేనే.

ఇలాగే ఏడాది పాటు మినిమమ్ మాత్రమే కట్టుకుంటూ పోతే, చేతి నుంచి దాదాపు 22,900 వెళ్తుంది. బాకీ మాత్రం 36 వేల దగ్గర ఉంటుంది. 40 వేల అప్పుకి 23 వేలు కట్టి, 4 వేలు తగ్గించుకున్నాం అన్నమాట. బాకీ తగ్గేకొద్దీ మినిమమ్ కూడా తగ్గుతూ వస్తుంది కాబట్టి అప్పు సగానికి రావడానికే ఆరేళ్ళు దాటుతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. కార్డు మీద 45 రోజులో 50 రోజులో వడ్డీ ఉండదు అంటారు కదా, అది పోయిన బిల్లు పూర్తిగా కట్టినవాళ్ళకి మాత్రమే. కొంచెం బాకీ మిగిల్చినా ఆ ఫ్రీ పీరియడ్ పోతుంది. ఆ తర్వాత మీరు కొట్టించుకున్న పెట్రోల్‌కి, తిన్న బిర్యానీకి, అన్నింటికీ స్వైప్ చేసిన రోజు నుంచే వడ్డీ మొదలు. ఇక క్రెడిట్ కార్డు పెట్టి ఏటీఎంలో డబ్బు తీయడం గురించి నేను మాట్లాడను. తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు. అది వద్దు, అంతే.

మరి మినిమమ్ డ్యూ ఎందుకు పెట్టారు? అది కడితే లేట్ ఫీజు పడదు, మీ పేరు డీఫాల్ట్ కింద పడదు. అంతవరకు అది మేలే. నిజంగా ఇబ్బంది వచ్చిన ఒక నెల దాన్ని వాడుకోవచ్చు. కానీ ప్రతి నెలా అదే కడుతూ "టైమ్‌కి కడుతున్నా" అనుకోవడం దగ్గరే మోసపోతున్నాం.

ఇప్పుడు సిప్ దగ్గరికి రండి. ఒక చేత్తో నాలుగు రూపాయల వడ్డీ కడుతూ, ఇంకో చేత్తో రూపాయి వస్తుందో రాదో తెలియని చోట 2 వేలు పెడుతున్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, కార్డు బాకీ ఉన్నంతకాలం ఆ సిప్ ఆపేయండి. ఆ 2 వేలు కూడా కార్డుకే కట్టండి. నెలకు 4 వేలు కడితే, కొత్తగా ఏమీ స్వైప్ చేయకపోతే, 40 వేల అప్పు 14 నెలల్లో అయిపోతుంది. ఏ లోనూ తీసుకోకుండానే. సిప్ ఆపేస్తే ఫండ్ వాళ్ళు పెనాల్టీ ఏమీ వేయరు. కాకపోతే డేట్ దగ్గర పడకముందే యాప్‌లో పాజ్ గానీ క్యాన్సిల్ గానీ చేయండి. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ బౌన్స్ అయితే బ్యాంకు ఛార్జీ వేస్తుంది.

అదే ఇంట్లో కొంచెం బంగారం ఉండి, రూపాయి వడ్డీకి 40 వేలు తీసుకుని కార్డు మొత్తం క్లియర్ చేసేశారనుకోండి. అదే 4 వేలు కడితే 11 నెలలు, మొత్తం కట్టేది దాదాపు 42,400. కార్డులోనే ఉంచి 14 నెలలు కడితే సుమారు 52,700. పది వేల తేడా. 25 వేల జీతంలో పది వేలు అంటే చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. బంగారం పెట్టి కార్డు క్లియర్ చేశాక, లిమిట్ మళ్ళీ 40 వేలు కనిపిస్తుంది. చాలామంది అక్కడే జారిపోతారు. రెండు నెలలు తిరిగేసరికి బంగారం బ్యాంకులో, బాకీ కార్డులో, రెండు అప్పులు. కాబట్టి యాప్‌లోకి వెళ్ళి కార్డు లిమిట్ తగ్గించుకోండి, లేదా ఆన్‌లైన్ లావాదేవీలు ఆఫ్ చేసి పెట్టండి. బంగారం మీద లోన్ తీసుకునేటప్పుడు కూడా మధ్యలో కొంచెం కొంచెంగా అసలు కట్టనిస్తారా, అప్రైజర్ ఛార్జీ ఎంత అని ముందే అడగండి. కట్టలేకపోతే అమ్మ గొలుసు వేలానికి పోతుంది. ఆ ధైర్యం ఉంటేనే ముట్టుకోండి.

బంగారం లేదా? బ్యాంకుకి ఫోన్ చేసి, ఈ బాకీని ఈఎంఐగా మార్చమని అడగండి. చాలా బ్యాంకులు మారుస్తాయి, కార్డు వడ్డీ కంటే బాగా తక్కువ రేటుకి. రేటు చెప్పగానే 12తో భాగించండి. రెండు రూపాయల లోపు ఉంటే మీరు లాభపడ్డట్టే. ఇంకో మాట. "సగం కట్టండి, సెటిల్ చేసేస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే తొందరపడి సరే అనకండి. సిబిల్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడితే రేపు హోమ్ లోన్‌కి వెళ్ళినప్పుడు అది అడ్డం వస్తుంది.

సరే, ఇప్పుడు ఈఎంఐలు. దీన్ని త్వరగా చూసేద్దాం.

ఒకరు లక్ష రూపాయలు ఇచ్చి "12 శాతమే, ఫ్లాట్" అంటారు. ఏడాదికి వడ్డీ 12 వేలు, నెలకు 9,333 కట్టాలి. రూపాయి వడ్డీయే కదా అనిపిస్తుంది. కాదు. మీరు ప్రతి నెలా అసలు కొంత తిరిగి ఇచ్చేస్తున్నారు. ఆరో నెల దాటేసరికి మీ చేతిలో ఉన్నది వాళ్ళ సొమ్ములో సగమే. కానీ వడ్డీ మాత్రం చివరిదాకా లక్ష మీదే వేశారు. నిజమైన రేటు ఏడాదికి 21 శాతం పైనే, అంటే రూపాయి ఎనభై పైసలు. అందుకే ఫ్లాట్ అన్న మాట వినిపిస్తే దాదాపు రెట్టింపు అనుకోండి. బండి షోరూంలో, సెకండ్ హ్యాండ్ కార్ల దగ్గర ఈ మాట ఎక్కువగా వింటారు.

నో కాస్ట్ ఈఎంఐ మీద మాత్రం అందరూ చేసేంత గోల నేను చేయను. 2013లోనే ఆర్‌బీఐ, జీరో పర్సెంట్ వడ్డీ అనేది నిజంగా ఉండదని, అసలు రేటుని దాచి చూపించొద్దని బ్యాంకులకి చెప్పింది. ఇప్పుడు జరిగేది ఏంటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకి అమ్మేవాళ్ళు ధరలో డిస్కౌంట్ ఇస్తారు. ఆ వడ్డీ మీద జీఎస్‌టీ మాత్రం మీదే. 24 వేల ఫోన్, నెలకు 2 వేలు చొప్పున 12 నెలలు, బ్యాంకు లోపల 15 శాతం వేసుకుంటే జీఎస్‌టీ సుమారు 330. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉందనుకోండి, జీఎస్‌టీతో 235. మొత్తం 565 దాకా అదనం. అదే ఫోన్ ఒకేసారి డబ్బు కడితే 22,500కే వస్తుందా, లేదా? అది చూసుకోవాలి. వస్తే మీరు కట్టేది దాదాపు రూపాయి నలభై పైసల వడ్డీ. రాకపోతే నిజంగానే చవక. ఇబ్బంది ఒక్కటే, ఇలాంటివి మూడు నాలుగు పెట్టుకుంటే జీతం పడ్డ రోజే సగం వెళ్ళిపోతుంది. అప్పుడు నెలాఖరులో చేయి ఎక్కడికి పోతుంది? లోన్ యాప్ దగ్గరికి.

ఇది మాత్రం కొంచెం నిదానంగా వినండి.

యాప్‌లో 5 వేల లోన్, 15 రోజులకి. వడ్డీ సున్నా అని రాసి ఉంటుంది. ఖాతాలో పడింది 4,250. ప్రాసెసింగ్ ఫీజు, సర్వీస్ ఫీజు, జీఎస్‌టీ అని 750 ముందే కోసేశారు. 15 రోజులకి 5 వేలు తిరిగి కట్టాలి. మీ చేతికి వచ్చింది 4,250, దాని మీద 15 రోజులకి 750. నెలకి లెక్కేస్తే నూటికి 35 రూపాయల వడ్డీ. మళ్ళీ చెప్తున్నా, నూటికి ముప్పై అయిదు రూపాయలు. 2015లో విజయవాడలో కాల్ మనీ వ్యవహారం బయటపడినప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఇప్పుడు అలాంటి వ్యవహారమే జేబులో పెట్టుకుని తిరుగుతున్నాం.

వడ్డీ ఒక ఎత్తు, వసూలు ఇంకో ఎత్తు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల మీద కేసులు పెట్టి కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ రోజుల్లో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫోన్‌లో కాంటాక్ట్స్ మొత్తం లాగేసుకుని, మేనమామకి, ఆఫీసులో మేనేజర్‌కి, పెళ్ళి చూపులు చూసి వెళ్ళినవాళ్ళకి కూడా మెసేజ్‌లు పెట్టేవాళ్ళు. పరువు పోయిందని ప్రాణాలు తీసుకున్నవాళ్ళు ఉన్నారు.

ఆ తర్వాత 2022 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ డిజిటల్ లోన్లకి రూల్స్ తెచ్చింది, 2025లో వాటిని మళ్ళీ కొత్తగా కూర్చి ఇచ్చింది. మనకి పనికొచ్చేవి చెప్తాను. లోన్ డబ్బు బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ నుంచి నేరుగా మీ ఖాతాలో పడాలి, మధ్యలో యాప్ వాడి ఖాతా ఉండకూడదు. మీరు తిరిగి కట్టేదీ అంతే. మీ కాంటాక్ట్స్, గ్యాలరీ, కాల్ లాగ్స్ యాప్ ముట్టుకోకూడదు. కేవైసీ కోసం కెమెరా, లొకేషన్ లాంటివి మీ అనుమతితో ఒక్కసారి అడగొచ్చు. కాబట్టి ఇన్‌స్టాల్ చేయగానే కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగిన లోన్ యాప్‌ని అక్కడికక్కడే తీసేయండి, వేరే ఆలోచన అక్కర్లేదు. బ్యాంకులతో కలిసి పనిచేసే లోన్ యాప్‌ల జాబితా ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో ఉంది, అందులో పేరు ఉందో లేదో వెతకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్. లోన్ ఇచ్చేముందు ఈ కాగితం మీకు ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఇంకా ఉన్న ఛార్జీలన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత పడుతుందో చెప్పే అంకె అది. 2024 అక్టోబర్ నుంచి బ్యాంకు పర్సనల్ లోన్, బండి లోన్, అన్ని రిటైల్ లోన్లకీ ఇది తప్పనిసరి. ఆ ఒక్క అంకెని 12తో భాగిస్తే చాలు, ఈఎంఐ ఎంతో చూడక్కర్లేదు, ఆఫర్ చూడక్కర్లేదు. 30 అని ఉంటే రెండున్నర రూపాయల వడ్డీ. క్రెడిట్ కార్డుకి మాత్రం ఈ నియమం వర్తించదు. స్టేట్‌మెంట్‌లో ఫైనాన్స్ ఛార్జెస్ దగ్గర నెలకు ఎంత శాతమో రాసి ఉంటుంది, అదే మీ రూపాయల లెక్క.

డిజిటల్ లోన్ తీసుకున్నాక మనసు మారితే కూలింగ్ ఆఫ్ పీరియడ్ కూడా ఉంటుంది, కనీసం ఒక రోజు. ఆ లోపు అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేసి, పెనాల్టీ లేకుండా బయటికి రావచ్చు. ప్రాసెసింగ్ ఫీజు ఉంచుకోవచ్చు గానీ, అది కాగితంలో ముందే చెప్పి ఉండాలి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు వింటుంటే, మీకోసం ఇది. బ్యాంకు తరఫున వసూలుకి వచ్చేవాళ్ళు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మీ బంధువుల్ని, ఫ్రెండ్స్‌ని వేధించకూడదు. ఫొటోలు మార్ఫ్ చేస్తామని బెదిరించడం నేరం. స్క్రీన్‌షాట్లు, కాల్ రికార్డింగులు డిలీట్ చేయకండి, 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి. లైసెన్స్ లేని యాప్ అయితే ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌లో కూడా పెట్టండి. ఒక యాప్ బాకీ కట్టడానికి ఇంకో యాప్‌లో తీసుకోకండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, అక్కకో బాబాయికో, ఎవరికైనా. వాళ్ళు తిడతారు. తిట్టనివ్వండి. బెదిరించేవాడి దగ్గరున్న ఒకే ఆయుధం "మీ ఇంట్లో చెప్పేస్తా" అనేది. మీరే ముందు చెప్పేస్తే వాడి చేతిలో ఇంకేం మిగలదు.

ఆ మొదటి ప్రశ్నకి వస్తే, ఏ ఫండ్ మంచిది అని కదా అడిగింది. ముందు ఒక పది వేలు సేవింగ్స్‌లో పక్కన పెట్టుకోండి, పావలా వడ్డీ అయినా పర్వాలేదు. బండి రిపేరు వచ్చినా జ్వరం వచ్చినా మళ్ళీ కార్డు తీయకుండా ఉండటానికి అది. తర్వాత ఎక్కువ రూపాయల వడ్డీ ఉన్న అప్పు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటీ తీర్చుకుంటూ రండి. రూపాయికి పైన ఉన్నవన్నీ తీరాక అడగండి, అప్పుడు ఫండ్స్ గురించి గంట మాట్లాడుకుందాం.

వచ్చే ఎపిసోడ్‌లో సిబిల్ రిపోర్టు ఫ్రీగా ఎలా తీసుకోవాలి, అందులో మీరు తీసుకోని లోన్ మీ పేరు మీద కనిపిస్తే ఏం చేయాలి, అది చూద్దాం. ఈలోపు మీ కార్డు స్టేట్‌మెంట్ ఓపెన్ చేసి, మీది ఎన్ని రూపాయల వడ్డీయో చూసి పెట్టుకోండి.